నేను మణికట్టు పక్షం

సాయంత్రం పూట విజయనగరం కోట పక్కని ఓ అరుగు మీద మేం అయిదారుగురం పెన్షనుదారులం చేరతాం. వెనక డి.ఎ. బకాయిల గురించీ, అల్లుళ్ళ ఉద్యోగాల గురించీ మాట్లాడుకొనేవాళ్ళం. ఇప్పుడు ఆ రెండూ వెనకబడ్డాయి. కొత్తవాడెవరైనా వచ్చి మా పక్కన కూర్చుంటే, గోత్రం అడిగినట్టుగా అడుగుతాం: "మీది చెయ్యా, తొడా?"

బయటివాళ్ళకి ఈ ప్రశ్న అర్థం కాదు. గుండెకి రక్తం అందించే నాళాల్లో కొవ్వు పేరుకొని దారి మూసుకుపోతే, ఒంట్లోకి సన్నని గొట్టం ఒకటి పంపించి, దాని కొసనున్న బుడగ ఉబ్బించి, స్టెంటు అనే చిన్న లోహపు జాలీని అక్కడ నిలబెట్టి వస్తారు గదా. ఆ గొట్టం లోపలికి వెళ్ళడానికి గుమ్మాలు రెండు. ఒకటి గజ్జలో, తొడ మొదట్లో ఉన్న పెద్ద ధమని. రెండోది మణికట్టు దగ్గర, వైద్యుడు నాడి పట్టుకొని చూసే చోటు. ఏ గుమ్మంలోంచి వెళ్ళినా చేరేది ఆ గుండెకే. కాని గుమ్మం దగ్గర జరిగే తతంగం వేరు. నాకు రెండు గుమ్మాలూ అనుభవమే. అంచేత అరుగు మీద నాకు కొంచెం పెద్దరికం.

మొదటిది 2006 లో, విశాఖపట్నంలో. అప్పటికి నా వయస్సు యాభై నాలుగు. తొడ లోంచే చేశారు. చేస్తున్నప్పుడు బాధేమీ లేదు. లోపల ఎవరో నా గుండె బొమ్మని తెర మీద చూస్తూ మాట్లాడుకొంటూంటే, నేను పరాయివాడి సంగతి విన్నట్టు విన్నాను. అసలు కథ ఆ తరవాత మొదలైంది. గొట్టం తీసేశాక ఓ బలమైన కుర్రవాడు వచ్చి, రెండు చేతులూ నా గజ్జ మీద పెట్టి, తన బరువంతా వేసి ఇరవై నిమిషాల సేపు అదిమిపట్టాడు. ఆ పైన ఇసక సంచీ. ఆ పైన ఆజ్ఞ: "కాలు ముడవకూడదు, తల ఎత్తకూడదు, తెల్లవార్లూ వెల్లకిలా పడుకోవాలి."

చెప్పొద్దూ, తెల్లవార్లూ వెల్లకిలా పడుకోమంటే ఏమిటో అనుభవించినవాడికే తెలుస్తుంది. నడుం నిప్పులు కక్కింది. దగ్గు వస్తే మా ఆవిడ పరుగెత్తుకొచ్చి ఇసక సంచీ అదిమేది. ఒంటేలు సంగతి ఇల్లాంటి పత్రికలో రాయదగ్గది కాదు. ఇంటికి వచ్చాక చూసుకొంటే తొడ మోకాలి దాకా నేరేడుపండు రంగులో ఉంది. గుండె బాగైందని పలకరించడానికి వచ్చినవాళ్ళ ఎదట పంచె సర్దుకొంటూ మూడు వారాలు కుంటాను.

రెండోది 2016 లో. ఈ సారి డాక్టరుగారు చెయ్యి చాపమన్నారు. చేతిలోంచి గుండెకి ఎల్లా వెడతారండీ అని అడిగాను. "రక్తం ఎల్లా వస్తుందో అల్లాగే," అన్నారాయన. మణికట్టు దగ్గర చిన్న సూది, ఓ మాటు చెయ్యంతా మెలిపెట్టినట్టయింది. చేతి ధమని సన్నం; ముట్టుకొంటే బిగుసుకుంటుంది. దానికీ ఏదో మందు ఎక్కించారు. పని అయ్యాక మణికట్టుకి గాలితో ఉబ్బే ప్లాస్టిక్ పట్టీ ఒకటి తొడిగారు. రెండు గంటల్లో లేచి కూర్చొని, ఎడంచేత్తో చమ్చా పట్టుకొని ఇడ్లీ తిన్నాను. మా ఆవిడ ఆ పట్టీ చూసి, "యాభై ఏళ్ళు నాకు గాజులు కొనమంటే కొనలేదు. మీరు మాత్రం వేయించుకొచ్చారు," అంది.

అదుగో, ఆ ఇడ్లీ తిన్న నిమిషం నుంచీ నేను మణికట్టు పక్షం.

కొత్తగా మతం పుచ్చుకొన్నవాడికి పట్టుదల ఎక్కువ. అరుగు మీద ఉపన్యాసాలు మొదలుపెట్టాను. ఊరికే వాదిస్తే ఏం బాగుంటుందని, మనవడి చేత పుస్తకాలూ వ్యాసాలూ తెప్పించుకొని చదివాను. చదివినకొద్దీ తమాషాగా ఉంది. అసలు గుండెకి మొదటి దారి చెయ్యేనట! 1929 లో జర్మనీలో ఎబర్స్‌వాల్డే అనే ఊళ్ళో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ళ డాక్టరు, పెద్ద డాక్టరు వద్దన్నా వినక, తన మోచేతి సిరలోంచి గొట్టం తోసుకొన్నాడు. పనిముట్లు చేతికి రావాలంటే నర్సు సాయం కావాలి. ఆవిడ, పరీక్ష నా మీదే చెయ్యండి అంది. సరేనని ఆవిణ్ణి బల్లకి కట్టేసి, ఆవిడ చూడకుండా తన చేతికే పొడుచుకొన్నాడు! గొట్టం ఒంట్లో ఉండగానే మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి, దాని కొస గుండెలో ఉన్నట్టు ఫొటో తీయించుకొన్నాడు. అప్పట్లో చివాట్లు తిన్నాడు. 1956 లో నోబెల్ బహుమానం ఇచ్చారు.

ఆ తరవాత అమెరికాలో క్లీవ్‌లండులో మేసన్ సోన్స్ 1958 లో గుండె నాళాల్లోకే నేరుగా మందు వెళ్ళేట్టు చేసి ఫొటోలు తీశాడు. అదీ మొదట పొరపాటున వెళ్ళిందే. ఆయనదీ మోచేతి దారే. అక్కడ కోసి ధమని బయటికి తీసేవాడు. మరి తొడ దారి ఎక్కణ్ణించి వచ్చింది? 1953 లో స్వీడన్‌లో సెల్డింగర్ అనే ఆయన, కోత అక్కర్లేకుండా సూది గుచ్చి, అందులోంచి తీగ పంపి, ఆ తీగ మీదుగా గొట్టం ఎక్కించే ఉపాయం చెప్పాడు. దానికి వెడల్పయిన ధమని అయితే సుఖం. 1967 లో జడ్కిన్స్ గుండె నాళాల ఒంపుకి తగ్గట్టు ముందే వంచిన గొట్టాలు తయారుచేసి, తొడ లోంచి పంపాడు. 1977 సెప్టెంబరులో జూరిచ్‌లో గ్రుయెన్‌ట్సిగ్ మొదటి బుడగ చికిత్స చేసిందీ తొడ లోంచే. అప్పటి గొట్టాలు లావు. సన్నని చేతి నాళంలో పట్టవు. ఇహ ప్రపంచమంతా తొడ పక్షం అయిపోయింది.

గొట్టాలు సన్నబడ్డాక మళ్ళీ చెయ్యి జ్ఞాపకం వచ్చింది. 1989 లో మాంట్రియల్‌లో కాంపో అనే ఆయన మణికట్టు లోంచి నూరుమందికి పరీక్షలు చేసి చూపించాడు. 1992 లో ఆమ్‌స్టర్‌డాంలో కీమనై ఆ దారినే చికిత్సా చేశాడు, మరుసటేడు స్టెంటూ పెట్టాడు. మన దేశంలో ఈ దారికి పేరు తెచ్చినవారు అహమ్మదాబాదు డాక్టరు తేజస్ పటేల్ గారు. 2015 లో పద్మశ్రీ ఇచ్చారు. అన్నట్టు స్టెంటు మాటకొస్తే, మన హైదరాబాదులో డాక్టరు సోమరాజు గారూ అబ్దుల్ కలాం గారూ కలిసి తక్కువ ఖరీదులో ఒకటి తయారుచేశారు, కలాం–రాజు స్టెంటని. ఇది చెప్పినప్పుడు మా అరుగు ఛాతీ విరుచుకొనేది.

మణికట్టు ఎందుకు మేలు? అక్కడ ధమని పైపైనే ఉంటుంది, కింద ఎముక. వేలితో నొక్కితే నెత్తురు ఆగుతుంది. పోనీ ఆ నాళం పూడిపోయినా, అరచేతికి నెత్తురు తెచ్చే నాళం రెండోది చిటికెన వేలి వైపున ఉండనే ఉంది. తొడలో నాళం లోతు. ఒక్కొక్కప్పుడు పైకి చుక్క కనబడకుండా వెనక్కి, కడుపులోకి కారుతుంది. 2011 లో ముప్ఫైరెండు దేశాల్లో 7,021 మందిని చూసిన రైవల్ పరిశోధన, మొత్తం మీద చావులూ గుండెపోట్లూ ఇంచుమించు సమానమే గాని, గుచ్చినచోట వచ్చే చిక్కులు చేతిలో బాగా తక్కువని తేల్చింది. 2015 లో 8,404 మందితో జరిగిన మేట్రిక్స్ పరిశోధన నెత్తురు పోవడం తక్కువని మళ్ళీ చెప్పింది. ఆ ఏడే యూరపు వైద్యులు, 2021 లో అమెరికా వైద్యులు, గుండెపోటు వచ్చినవాళ్ళకి మణికట్టే మొదటి దారి అని రాసుకొన్నారు.

ఇంత సరుకు చేతిలో ఉంటే ఇహ ఊరుకొంటానా? మణికట్టు రెండు నాళాలూ అదిమిపట్టి, పిడికిలి తెరిపించి, తెల్లబడ్డ అరచెయ్యి ఎంతసేపటికి ఎర్రబడుతుందో చూసే అలెన్ పరీక్ష ఒకటుంది. అదీ 1929 నాటిదే. అరుగు మీద కూర్చున్నవాళ్ళందరికీ చేశాను. రైల్వేలో పనిచేసిన మా మిత్రుడొకాయన, "హస్తసాముద్రికం కూడా చెప్పేస్తే దక్షిణ ఇస్తాం," అన్నాడు.

ఇల్లా ఉండగా 2022 మాఘమాసంలో, తెల్లవారుజామున మా అప్ప ఫోను చేసింది.

మా అప్పని ఉద్దానం ఇచ్చారు. సోంపేటకీ కవిటికీ నడుమ పల్లె. కొబ్బరి, జీడిమామిడి, పనస. ఉద్యానవనం మాటే ఉద్దానమైందంటారు. 2018 అక్టోబరులో తితిలీ తుఫాను వచ్చి కొబ్బరిచెట్లని కట్టెపుల్లల్లా విరిచేసింది గాని, అంతకు ముందు ఆ నీడలో నడుస్తూంటే ఎండ మొహం తెలిసేది కాదు. మా బావ డెబ్భై నాలుగేళ్ళ మనిషి. ఒంటికి మందన్నది ఎరగడు. రాత్రి నుంచీ ఛాతీలో బరువు, చెమటలు. జీలకర్ర నీళ్ళు తాగి పడుకొన్నాడట. సోంపేటలో చూపించి, గుండెపోటే అన్నారుట. ప్రాణం నిలదొక్కుకుంది, కాని విశాఖపట్నం తీసుకుపొమ్మన్నారు.

ఫోనులోనే నేను చేసిన మొదటి బోధ ఇదీ: "బావా, తొడ అంటే ఒప్పుకోకు. చెయ్యి అను."

"అలగే," అన్నాడు బావ. ఆయాసంలో కూడా నవ్వాడు.

ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కనక ఖర్చు బెంగ లేదు. ఆ పథకం 2007 ఏప్రిల్లో మొదలుపెట్టినప్పుడు మొదటి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. మా అప్పకి ఆ కార్డంటే పసుపుకుంకాలంత. నేను విజయనగరం నుంచి బస్సెక్కి వాళ్ళకంటె ముందే ఆస్పత్రి గుమ్మంలో నిలబడ్డాను, నా వ్యాసాల కట్ట సంచీలో పెట్టుకొని.

డాక్టరు చిన్నవాడు, నలభై దాటి ఉండవు. బావ నొప్పి తగ్గింది, మందులు పడ్డాయి, మర్నాడు యాంజియోగ్రాం చేద్దామన్నాడు. ఇదే అదనని నేను గొంతు సవరించుకొన్నాను. చేతినుంచే చెయ్యాలన్నాను. డెబ్భై నాలుగేళ్ళు, నెత్తురు పలచబరచే మందులు రెండు మూడు పడుతున్నాయి, తొడలో కారితే ఎవరు జవాబుదారీ అన్నాను. ఏడు వేలమంది, ఎనిమిది వేలమంది అన్నాను. కట్ట కూడా తీశాను. ఇప్పుడు తలుచుకొంటే సిగ్గు వేస్తుంది. ఆయన అడ్డురాకుండా అంతా విన్నాడు. విని, నా వైపు కాక బావ వైపు తిరిగి ఒక్కటే మాట అడిగాడు.

"తాతగారూ, మీదే ఊరు?"

బావ చెప్పాడు.

"ఉద్దానమా?" అని, చేతిలోని కాగితాలు వెనక్కి తిప్పి చూశాడు. అప్పుడే వచ్చిన నెత్తురు పరీక్షల్లో క్రియాటినిన్ రెండున్నర దాటి ఉంది.

ఆ అంకె అర్థం నాకు తెలియకపోలేదు. ఉద్దానంతో చుట్టరికం ఉన్నవాడెవడికీ తెలియకపోదు. ఆ పల్లెల్లో పంచదార జబ్బు లేనివాళ్ళకీ, రక్తపు పోటు లేనివాళ్ళకీ మూత్రపిండాలు నిశ్శబ్దంగా పాడైపోతున్నాయి. కారణం ఇదీ అని ఎన్ని సంఘాలు వచ్చి చూసినా తేల్చలేదు. నీళ్ళన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, పురుగుమందులన్నారు. నొప్పి ఉండదు, తెలిసేటప్పటికి సగం పైన పోయి ఉంటుంది. ఊళ్ళో పరీక్షలు చేసినప్పుడు బావ తోటలో దాక్కొన్నాడని అప్ప అప్పుడు చెప్పింది. తెలుసుకొని ఏం చేస్తాననుకొన్నాడో.

డాక్టరు నాతో అన్నాడు: "మీరు చదివిందంతా నిజమేనండీ. నూటికి తొంభైమందికి నేనూ చేతినుంచే చేస్తాను. కాని ఈయనకి ఈ చెయ్యి రేపు ఇంకో పనికి కావలసి రావచ్చు."

ఏమిటా పని అంటే, డయాలిసిస్. మూత్రపిండాలు పూర్తిగా పోతే ఒంట్లో నెత్తురంతా వారానికి రెండు మూడు మాట్లు యంత్రంలోకి పంపి కడిగి తెచ్చుకోవాలి. అందుకు పెద్ద ధారగా నెత్తురు వచ్చే నాళం ఒకటి పైపైనే దొరకాలి. 1966 లో న్యూయార్కులో బ్రెషియా, చిమినో అనే వైద్యులూ వాళ్ళతోటివాళ్ళూ ఒక ఉపాయం ప్రకటించారు: మణికట్టు దగ్గర ధమనినీ పక్కనున్న సిరనీ కలిపి కుట్టేయడం. ధమని జోరు తగిలి కొన్ని వారాల్లో సిర లావెక్కి గట్టిపడుతుంది. ఏళ్ళ తరబడి అందులో సూదులు గుచ్చుకోవచ్చు. ఫిస్టులా అంటారు దాన్ని. ఈనాటికీ డయాలిసిస్ రోగికి అంతకంటె మంచి దారి లేదు. అది లేకపోతే మెడలో గొట్టం పెట్టాలి, అది చీము పట్టకుండా కాపాడుకోవాలి.

ఆ ఫిస్టులాకి కావలసిన ధమనీ, స్టెంటు కోసం గొట్టం పంపే ధమనీ ఒక్కటే! గొట్టం వెళ్ళొచ్చాక కొద్దిమందికి ఆ నాళం పూడిపోతుంది. పూడకపోయినా లోపలి గోడ గీసుకుంటుంది. రెండో నాళం ఉంది కనక చేతికి ఏమీ కాదు, మనిషికి తెలియనే తెలియదు. నా చేతిలో అది తెరిచి ఉందో మూసుకుపోయిందో నేనే ఎన్నడూ చూపించుకోలేదు. నాకు అక్కర్లేదు గనక నేను దాన్ని లాభంలో రాసుకొన్నాను.

"మరి బొటనవేలి మొదట్లో గుంట దగ్గరనుంచి చేస్తున్నారట గదా?" అన్నాను. నస్యం పోసుకొనే గుంట అది; 2017 లో కీమనైయే ఆ చోటు గురించీ రాశాడు. ఓడిపోతున్నవాడి ఆఖరి బాణం.

"చెయ్యొచ్చు. ఆ పై నాళం దెబ్బతినడం తక్కువనే అంటున్నారు. కాని ఈయన నాడి అక్కడ మరీ సన్నంగా ఉంది," అన్నాడు. ఆ తరవాత నేను ఊహించని మాట అన్నాడు. "ఇందులో ఒక్కటే జవాబు లేదండీ. చేతి దారిలో మూత్రపిండాలకి అప్పటికప్పుడు తగిలే దెబ్బ తక్కువని మీ మేట్రిక్స్ పరిశోధనే చెప్పింది. తొడలో నెత్తురు పోతే ఆ పోవడం వల్లా మూత్రపిండాలు దెబ్బతింటాయి. చెయ్యి దాచుకొందామంటే తొడలో జాగ్రత్త పడాలి. అల్ట్రాసౌండుతో చూస్తూ గుచ్చుతాను. ముందు సెలైను ఎక్కించి, మందు వీలైనంత తక్కువ వాడతాను. మీరంతా మాట్లాడుకొని చెప్పండి."

వరండాలో మేం ముగ్గురం మిగిలాం. నేను చెప్పవలసిన మనిషిని. నోట మాట రాలేదు. చేతిలోంచి చేస్తే రేపు బతికి బయటపడతాడు, మరి ఎల్లుండి? తొడలోంచి చేస్తే ఎల్లుండికి చెయ్యి మిగులుతుంది, మరి రేపు? ఎల్లుండి వస్తుందో రాదో ఎవరికి తెలుసు? క్రియాటినిన్ అక్కడే ఆగి, డయాలిసిస్ అవసరం లేకుండానే బతికేవాళ్ళున్నారు. రాని పెళ్ళికి పందిరి వేసినట్టు, ఆ చెయ్యి దాచడం కోసం ఈ ముసలి ప్రాణాన్ని నెత్తురు గండంలో పెట్టడమా?

అప్ప నా మొహం చూస్తోంది. "సదువుకున్నోడివి. నువ్వు సెప్పు తమ్ముడూ."

చెప్పింది నేను కాదు. బావ.

"మా సిన్నోడి సెయ్యి నువ్వు సూడలేదు బావా," అన్నాడు. ఆయన తమ్ముడు నాలుగేళ్ళు సోంపేట ఆస్పత్రికి డయాలిసిస్‌కి తిరిగి పోయాడు. "ఆడి సెయ్యి మీద సెవి ఎట్టి ఇంటే రైలెల్తున్నట్టు సప్పుడు. ఆ సప్పుడు ఉన్నన్నాళ్ళూ ఆడున్నాడు. రాత్రేళ తమ్ముడు పెళ్ళాం లేచి, సప్పుడవుతోందా నేదా అని ఇనీది." తన మణికట్టు ఒకమాటు చూసుకొన్నాడు. "సెయ్యి ఉంచీమను. కాలుకేటి, పడుకోమంటే పడుకుంటాను."

మర్నాడు తొడలోంచే స్టెంటు ఒకటి పెట్టారు. నేను ఎరిగిన రాత్రే మళ్ళీ వచ్చింది, మంచం మీద మనిషి వేరు. ఇసక సంచీ లేదు, కుట్టులాంటిదేదో లోపలే వేసి నాళం మూశారు. అయినా ఆరుగంటలు కాలు కదపొద్దన్నారు. నేను గంట గంటకీ దుప్పటి ఎత్తి గజ్జ దగ్గర వాపుందేమోనని చూశాను. ఒంటిగంటకి ఓ చోట గట్టిగా తగిలితే నా గుండె జారి, నర్సుని లేపుకొచ్చాను. ఆ అమ్మాయి చూసి, ఎముకండీ అని వెళ్ళిపోయింది. బావ నిద్రపోలేదు. "ఏటి బావా, నా తొడ మీద నీకింత పేమేటి?" అన్నాడు. అణా కాసంత నల్లమచ్చ తేలింది, అంతే. అయిదో రోజున క్రియాటినిన్ కొంచెం పెరిగి మళ్ళీ దిగింది.

అరుగు మీద ఈ కథ చెప్పడానికి నాకు నెల పట్టింది. ఇప్పటికీ మణికట్టు పక్షమే, కాదనను. కొత్తవాణ్ణి మాత్రం "చెయ్యా, తొడా" అని అడిగే ముందు, ఏ ఊరండీ అని అడుగుతున్నాను. రైల్వే మిత్రుడు దీనికీ ఏదో అన్నాడు, రాయను.

పలాసలో 2023 డిసెంబరులో రెండువందల పడకలతో కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. ఉద్దానానికి హిరమండలం జలాశయం నీళ్ళూ గొట్టాల్లో వచ్చాయి. మొన్న అప్పా బావా పరీక్షకి పలాస వెడుతూంటే నేనూ వెళ్ళాను. క్రియాటినిన్ మూడు దగ్గర తచ్చాడుతోంది; డయాలిసిస్ మాట ఇంకా రాలేదు. నెత్తురు తియ్యడానికి వచ్చిన కుర్రవాడు రబ్బరు పట్టీ తీసి ఎడం మోచేతికి చుట్టబోయాడు. బావ అనే లోపే మా అప్ప లేచింది.

"ఆ సెయ్యి ముట్టుకోకు బాబూ. కుడిసెయ్యి, అరిసేతి ఎనక తియ్యి."

కుర్రవాడు నవ్వి, "నాకూ తెలుసమ్మా, మాదీ కంచిలీయే," అని ఇటు పక్కకి వచ్చాడు. బావ కుడిచెయ్యి బల్ల మీద పెట్టి, ఎడంచెయ్యి కండువాలో దాచుకొన్నాడు.